నారాయణమ్మక్క నమ్మిన పొగ

ఏళ్ల తరబడి ఒక మాటను మోస్తున్నాను. మింగలేను, బయటికి చెప్పలేను. మీరెవరో నాకు తెలియదు, అదే మేలు. తెలిసినవాళ్ల ముందు నోరు పెగిలేదైతే ఇన్నాళ్లు ఎందుకు దాస్తాను?

శిడ్లఘట్టలో మాది మందుల అంగడి. లైసెన్సు మా ఆయన పేరున ఉన్నా, కూర్చునేది నేనే. మా ఊళ్లో చాలా ఇళ్లలో పట్టుగూళ్లు ఉడకబెట్టి దారం తీస్తారు. ఆ పొగకూ ఆవిరికీ ఆడవాళ్ల కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. మంట అని ఎవరొచ్చినా ఒకటే చుక్కల మందు ఇచ్చేదాన్ని. తగ్గేది. డాక్టరు దగ్గరికి పోయే పని తప్పిస్తున్నానని లోలోపల గర్వపడేదాన్ని కూడా.

మా వీధిలో నారాయణమ్మక్క అలా దారం తీస్తూనే తన కూతురు మంజుళను చదివించింది. ఆ పిల్లకు పోలీసు ఉద్యోగం మీద ఆశ. కళ్లద్దాలు అడ్డమయ్యాయి. బెంగళూరులో లేజర్ చేస్తారన్న మాట మా వైపు అప్పుడప్పుడే వినబడుతోంది. వెళ్లి చేయించుకుంది. నల్లగుడ్డు మీది పైపొర తీసి చేశారట. ఆ పొర మళ్లీ వచ్చేదాకా క్రిములు చేరకుండా చుక్కలు వేసుకోవాలి.

డాక్టరు రాసిన మందు నా దగ్గర లేదు. చింతామణి నుంచి తెప్పిస్తానని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. అందరికీ ఇచ్చేదే తీసి ఇచ్చాను. రెండూ యాంటీబయాటిక్కే, కంపెనీ వేరు, అంతే అన్నాను. మంట పుడుతోందని ఆ పిల్ల మళ్లీ వస్తే, ఇంకా ఎక్కువసార్లు వేసుకోమన్నాను. మంట పుడితేనే మందు పనిచేస్తున్నట్టని మా వాళ్ల నమ్మకం. నాదీ అదే.

పొర సరిగా మానలేదు. కుడికంట్లో మచ్చ నిలిచిపోయింది. ఉద్యోగం ఆశ పోయింది.

తర్వాత అంగడికి వచ్చిన మందుల కంపెనీ మనిషిని, ఎవరి సంగతో చెప్పకుండా అడిగాను. ఆ మందు పదేపదే వేస్తే కొత్తగా పుట్టే పొర కూడా దెబ్బతింటుందనీ, మానాల్సిన కన్ను మానకుండా పోతుందనీ చెప్పాడు. అంతవరకు చేసింది తెలియక. ఆ తర్వాతది తెలిసే.

నారాయణమ్మక్క జ్వరం మాత్రకు వచ్చింది.

“పొగ తగిలిందా అని డాక్టరు అడిగినాడమ్మా. కన్ను మానకముందే ఒగ దినం మంజుళ దారం తీసే షెడ్డులోకి నాకు కూడు తెచ్చిండాది. ఆ పొగే నా బిడ్డ కన్ను తీసింది. నేనే కదా చేసుకునింది?”

“పొగ మంచిది కాదు కదక్కా,” అన్నాను.

“నువ్వు మందు ఇచ్చినావు కాబట్టి సరిపోయింది. లేకుంటే రెండు కండ్లూ పోతా ఉండె.”

నేను తల ఊపాను.

ఎందుకు ఊపాను? అంగడి మూతపడుతుందనా, వీధిలో తలెత్తుకోలేననా, లేక నేను మోయాల్సినదాన్ని ఆమె తనంతట తానే ఎత్తుకుంటే ఆ క్షణాన నాకు హాయిగా అనిపించిందా? హాయిగానే అనిపించింది. అదే నన్ను తినేస్తోంది.

ఆమె మళ్లీ పట్టుగూళ్ల పొయ్యి ముట్టించలేదు. కూలికి పోయింది. పోయినేడు చనిపోయింది. పలకరించడానికి వెళితే మంజుళ చెప్పింది, పోయే ముందు కూడా అమ్మ తన చెయ్యి పట్టుకుని క్షమించమని అడిగిందట. అప్పుడైనా చెప్పి ఉండాలి. కాఫీ తాగి వచ్చేశాను.

పొగ వల్ల కూడా కొంత అయి ఉంటుందని, లేజర్ తర్వాత కొందరికి ఎలాగూ మచ్చ వస్తుందని నన్ను నేను ఎన్నోసార్లు సముదాయించుకున్నాను. కావచ్చు. ఆ తల్లికి మాత్రం ఆ అనుమానం కూడా దక్కనివ్వలేదు నేను.

మంజుళకు చెబుతానా? చెప్పలేననే అనిపిస్తోంది. మందు ఇచ్చింది నేను. తెలిశాక కూడా ఆ తప్పును వాళ్లమ్మ మీదే ఉండనిచ్చింది నేను. ఇది రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆమెకు ఆ మాత్రం కూడా ఆడనివ్వలేదు.