పదకొండు మొహాల కింద లంగాలు

చీర కొంగును ఒక్కసారి కిటికీ వెలుతురులో పట్టి చూస్తే చాలు, దాని కిందికి ఏ రంగు లంగా కావాలో సరోజన చెప్పేస్తుంది. వంకాయ రంగు అంటే ఆమెకు ఒక్క రంగు కాదు. లేత వంకాయ వేరు, ముదురు వంకాయ వేరు, ఎండకు వెలిసిన వంకాయ వేరు. ఈ చూపు ఆమెకు పుట్టింట్లోనే అబ్బింది. తండ్రికి చేనేత మగ్గం ఉన్న రోజుల్లో రంగు అద్దిన నూలు ఆరేసే పని చిన్న సరోజనదే. తడిగా ఉన్నప్పుడు ఒక తీరు, ఆరాక ఇంకో తీరు కనిపించే ఆ నూలును చూసి చూసి ఆమె కళ్లు పదునెక్కాయి.

తర్వాత ఆ చూపుతో పెద్దగా పని పడలేదు. పెళ్లయ్యాక భర్త హరిప్రసాద్ వెంట భివండి వెళ్లింది. అక్కడి మరమగ్గాల చప్పుడుకు ఆయన చెవులు సగం మొద్దుబారాక ఇద్దరూ తిరిగి సిరిసిల్ల చేరారు. కొన్నాళ్లు బీడీలు చుట్టింది. ఆ తర్వాత ఒక షెడ్డులో కూర్చుని పొద్దంతా లంగాలు కుట్టింది. షెడ్డులో రంగు ఎవరికీ పట్టదు, డజన్లే కావాలి. అట్లా తొమ్మిదేళ్లు గడిపి, నలభై ఆరో ఏట సొంతంగా కుడతానని లేచింది.

అప్పుడు ఆదుకున్నది అన్న బాలకిషన్. ఒకప్పుడు తన సాంచలు, అంటే మరమగ్గాలు, నాలుగు ఆడిన గది ఖాళీగా ఉంటే దాని తాళంచెవి తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టాడు. కిరాయి మాట ఎత్తబోతే కోప్పడ్డాడు. "చెల్లెతోని కిరాయి దీస్కుంటరా ఎవలన్న?" అని వాడకంతా వినిపించేలా అన్నాడు. సాంచల కాళ్లు దిగబడిన గుంతలు ఆ నేల మీద ఇంకా ఉన్నాయి. వాటిని తప్పించి మూడు మిషన్లు వేసుకున్నారు. సరోజనకు తోడు నీల, నర్సవ్వ. ఇద్దరూ ఆమెను నమ్మి షెడ్డు వదిలి వచ్చినవాళ్లే.

వెబ్‌సైట్ ఆలోచన కూడా బాలకిషన్‌దే. మెట్‌పల్లిలోనో కోరుట్లలోనో చీర కొన్న ఆడది దానికి సరిపడే లంగా దొరక్క తిరుగుతుంటే, ఫోన్లో నీ దుకాణం కనపడాలన్నాడు. ఆ మాట మంచిదే. కానీ చేయించడానికి తీసుకెళ్లింది జలపతి దగ్గరికి. జలపతిది ఫ్లెక్సీలు కొట్టే దుకాణం. వెబ్‌సైట్లు చేయడం ఈ మధ్యే మొదలుపెట్టాడు.

ఫ్లెక్సీ పనిలో జలపతి నేర్చుకున్న మొదటి నీతి, ఎవరి ఫొటోనూ మరిచిపోకూడదని. రెండోది, ఎవరి పక్కన ఎవరిని పెట్టాలో తెలిసి ఉండాలని. ఒకరి తలకాయ ఇంకొకరి దానికన్నా ఇంచు చిన్నదైనా పంచాయితీ అవుతుంది. వెబ్‌సైట్‌కూ అదే నీతి పాటించాడు. అన్నిటికీ పైన వేములవాడ రాజన్న. ఆయన కింద కులసంఘం అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు. వాళ్ల కింద నల్లద్దాలు పెట్టుకుని, చేతులు జోడించి, బంగారు రంగు చొక్కాలో బాలకిషన్ నిలువెత్తు బొమ్మ. ఆ కింద ఆయన ఇద్దరు అల్లుళ్లు, వియ్యంకులు, వాడ పెద్దలు ముగ్గురు, ఒక మూలన ఫోన్ నంబరుతో సహా జలపతి. దేవుణ్ణి పక్కన పెడితే పదకొండు మొహాలు. చుట్టూ బంతిపూల దండలు. వీటన్నిటి కింద, ఎక్కడో, లంగాలు.

ప్రారంభం రోజు బాలకిషన్ వాడకు లడ్డూలు పంచాడు. రెండు నెలల్లో మూడు ఆర్డర్లు వచ్చాయి. ముగ్గురూ చుట్టాలే.

"అక్కా, దసరా దాక జూస్త," అంది నీల ఒక మధ్యాహ్నం, ఆగిపోయిన మిషన్ మీద చెయ్యి పెట్టి. "పని లేకుంటె నేను షెడ్డుకే వోత. ఏమనుకోకు."

సరోజన ఏమీ అనుకోలేదు.

ఆ ఆదివారం కోరుట్ల నుంచి అక్క కూతురు సంధ్యారాణి వచ్చింది. జగిత్యాలలో ఒక చిన్న ఆఫీసులో ఆమె చేసే పని వెబ్‌సైట్లు దిద్దడమే. పిన్ని గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఫోన్ తెరిచింది.

"చిన్నమ్మా, లంగలు ఏడున్నయే?"

"కిందికి వో బిడ్డా."

"పోతనే ఉన్న."

"ఇంకా కిందికి."

"అల్లుళ్లు అచ్చిన్రు."

"ఇంకా వోవాలె," అంది నర్సవ్వ సూదిలో దారం ఎక్కిస్తూ. "వియ్యంకులు దాటినంక అస్తయి."

సంధ్యారాణి నవ్వు ఆపుకుంది. లెక్క పెడితే, లంగా కనపడేసరికి బొటనవేలితో తొమ్మిదిసార్లు జరపాల్సి వచ్చింది. తర్వాత తన లాప్‌టాప్‌లో ఏవో అంకెలు చూసి నెమ్మదిగా చెప్పింది. "మస్తు మందే అస్తున్రు చిన్నమ్మా. నూర్మంది అస్తే తొంభై మంది బాలకిషన్ మామ కాడనే వాపస్ వోతున్రు."

అన్నం తిన్నాక సుద్దముక్కతో బట్ట మీదే గీసి చూపించింది. పైన పేరు, చిన్నగా. పేరు కిందనే రంగులు. ఒక్కో రంగు మీద వేలు పెడితే ఆ లంగా పెద్దగా తెరుచుకోవాలి. పొడుగు, వెడల్పు ఒక్క చోటే. ఫోన్ నంబరు ఎక్కడికి జరిపినా కనపడుతూనే ఉండాలి.

సరోజన వంగి చూసింది. ఆమె చెయ్యి దానంతటదే సుద్దముక్క అందుకుంది. "ఎరుపు పక్కకు ఆకుపచ్చ పెట్టకు బిడ్డా, కన్ను ఆగది. వంకాయల పక్కకు వంకాయలు, లేతది ముందు. దుకాణంల అర మీద ఎట్ల వెడ్తనో గట్ల. ఇంకొకటి, గీ ఫొటోలు లైటు గొట్టి దీసిన్రు, రంగులన్ని అబద్ధాలే. పొద్దుగాల కిటికీ కాడ దియ్యాలె."

"గదే నాకు కావల్సింది!" అంది సంధ్యారాణి. "వచ్చే ఆదివారం చేసేస్త. మామకు నువ్వు చెప్తవా?"

సరోజన చేతిలో సుద్దముక్క అక్కడే ఆగింది. అన్న ఇచ్చిన గదిలో కూర్చుని, నీ బొమ్మ తీసేస్తానని అన్నకే ఎట్లా చెప్పడం? గది పోతే ఇద్దరాడవాళ్లు మళ్లీ షెడ్డుకు. గది ఒక్కటే పోతే ఎక్కడో ఒక చోటు వెతుక్కోవచ్చు. అన్నే దూరమైతే?

మంగళవారం మధ్యాహ్నం ధైర్యం కూడగట్టుకుని అన్న ఇంటికి వెళ్లింది. నేరుగా చెప్పలేక ఫోన్ వదినె సుశీల చేతికిచ్చి, అందులో లేత వంకాయ లంగా వెతకమంది. సుశీల జరిపింది. మళ్లీ జరిపింది. అద్దాలు పెట్టుకుని మళ్లీ జరిపింది.

"ఏంది సరోజనా, ఎంత జరిపినా మీ అన్న మొకమే అస్తుంది? ఇంట్ల పొద్దంత జూసేదే, ఫోన్ల గూడ గిదేనా?"

మంచం మీద పడుకున్న బాలకిషన్ లేచి కూర్చున్నాడు. చెల్లెలి వైపు చూశాడు. ఆమెది నవ్వులాటకు వచ్చిన మొహం కాదు.

"అంటె, నా మొకం నీకు అడ్డమైందా?"

కాదనడానికి నోరు తెరిచింది సరోజన. నీల చెయ్యి పెట్టిన ఆగిన మిషన్ గుర్తుకొచ్చింది.

"అడ్డమైంది అన్నా," అంది.

బాలకిషన్ మంచం దిగి లోపలికి వెళ్లిపోయాడు.

రోజూ పొద్దున గది గడప మీద కూర్చుని పేపరు చదివే మనిషి నాలుగు రోజులు రాలేదు. గది తలుపు మీద తన తాళమే ఉందో లేదోనని సరోజన ప్రతి పొద్దూ సందు మలుపు నుంచే చూసుకుంటూ వచ్చింది. తన తాళమే ఉండేది.

ఆదివారం సంధ్యారాణి వచ్చి లాప్‌టాప్ తెరిచిందో లేదో, గడప మీద నీడ పడింది. బాలకిషన్ లోపలికి రాకుండానే మాట్లాడాడు.

"తీస్తే అందర్ని తియ్యాలె. అధ్యక్షుణ్ణి ఉంచి నన్ను దీసినవనుకో, బజార్ల నా ఇజ్జత్ ఏం గావాలె?"

"అందర్ని తీస్తమన్నా," అంది సరోజన లేచి నిలబడి.

"రాజన్నను?"

"దేవుణ్ణి ఎందుకు తీస్త? పైన మూలకు చిన్నగుంటడు."

ఆయన వచ్చి సంధ్యారాణి వెనుక నిలబడ్డాడు. "ముందుగాల జలపతిని తియ్యి. పైసలు దీస్కొని మొకం గూడ పెట్టుకున్నడు." జలపతి పోయాడు. వియ్యంకులు పోయారు, వాడ పెద్దలు పోయారు. "అల్లుళ్లకు చెప్పకున్రి," అంటూ వాళ్లనూ తీయించాడు. అధ్యక్షుడూ ఉపాధ్యక్షుడూ పోయినప్పుడు ఆయన మొహం కొంచెం తేటపడింది. చివరికి బంగారు రంగు చొక్కా ఒక్కటే మిగిలింది. సంధ్యారాణి వేలు ఆగింది.

"నేను చాయ్ తాగొస్త," అని బాలకిషన్ బయటికి నడిచాడు.

తిరిగి వచ్చేసరికి అరగంట పట్టింది. సరోజన ఫోన్ అందించింది. పేరు కిందనే రంగులు వరుసగా తెరుచుకున్నాయి. ఆ వారం పొద్దుటిపూట కిటికీ దగ్గర తీసిన ఫొటోలు. ఆయన జరపలేదు, జరపాల్సిన పని లేకపోయింది. లేత వంకాయ రంగు మీద వేలు పెట్టాడు. అది తెర నిండా పరుచుకుంది.

"గిది మీ వదినెకు కుట్టు," అన్నాడు, నీల, నర్సవ్వల వైపు చూడకుండా.

"పొడుగెంత వెట్టాలె?" అని అడిగింది సరోజన, వదినె కొలత తనకు ఇరవై ఏళ్లుగా తెలిసినా.

బాలకిషన్ కాసేపు తడబడ్డాడు. తర్వాత అరచెయ్యి తిప్పి తన నడుము పక్కన గాల్లో ఆపి, "గింత," అన్నాడు. నర్సవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సరోజన అరలోంచి బట్ట తీసి, కిటికీ దగ్గరికి నడిచింది.