గిన్నీ మూల పహిల్వాను

మా బాన్సువాడ వాళ్లకు కొత్తగా ఒక పిచ్చి పట్టింది. పాత ఊరును తలచుకునే పిచ్చి. దానికోసం వాట్సాప్‌లో ఒక గ్రూపు కూడా పెట్టుకున్నారు. పొద్దున పళ్లు తోముకోకముందే ఎవరో ఒకరు మొదలుపెడతారు, బస్టాండు ముందర బండి మీద మిర్చీలు ఎంత బాగుండేవి అని. అవి మిర్చీలు కావు, ఆలుబజ్జీలు అని ఇంకొకరు అందుకుంటారు. ఇక మధ్యాహ్నం దాకా అదే పంచాయితీ. ఆ బండి ఉన్న రోజుల్లో వీళ్లంతా దాని ముందర ఇంతసేపు నిలబడి ఉంటే ఆ బండాయన మేడ కట్టుకునేవాడు.

నేను ఆ గ్రూపులో చేరింది నా సరదాకు కాదు, మా అవ్వ పోరు పడలేక. అవ్వ అంటే నన్ను కన్న తల్లే. మా దిక్కు చాలామందిమి అమ్మను అలాగే పిలుస్తాం. నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడవకముందే గడపలో నిలబడి అడుగుతుంది.

"ఎవలన్న ఎత్తిండ్రా?"

ఎత్తడమంటే మా గిర్ని ముచ్చట ఎత్తడం. గిర్ని అంటే పిండి పట్టే మిల్లు. మెయిన్ రోడ్డు మీంచి కూరగాయల అంగడికి తిరిగే మూల మీద ఉండేది. నాయిన బీర్కూర్ దగ్గరి పొలం చూసుకునేవాడు, గిర్ని మాత్రం అవ్వే నడిపింది. బెల్టు తగిలించడం, రాళ్లు అరిగితే గాట్లు పెట్టించడం, జొన్నల బస్తా ఒంటి చేత్తో లేపి పక్కకు పెట్టడం, అన్నీ ఆమే. ఊరంతా ఆమెను గిర్నక్క అనేది. అసలు పేరు ఇంట్లోవాళ్లకే సరిగ్గా గుర్తుండేది కాదు.

గిర్నిలో ఎవరు వచ్చినా అవ్వ అడిగే మాట ఒక్కటే, "మెత్తగనా, బరకగనా?" రొట్టెలకు మెత్తగా, గటకకు, అంటే జొన్న సంకటికి, బరకగా. మోటారు మోతలో మాట వినపడదు కాబట్టి జనం బొటనవేలితో మిగతా వేళ్లను రాసి చూపించేవాళ్లు. ఆ రాసే తీరును బట్టి ఎంత మెత్తగా కావాలో ఆమెకు తెలిసిపోయేది. ఇక వరుస సంగతి. మనుషులు నిలబడేవాళ్లు కారు, వాళ్ల డబ్బాలు నిలబడేవి. డబ్బా పెట్టి అంగడికి పోయి కూరగాయలు కొనుక్కుని వచ్చేసరికి వంతు వచ్చేది. ఎవరైనా తమ డబ్బాను చడీచప్పుడు లేకుండా ముందుకు జరిపారో, అవ్వ మోటారే బందు చేసేది. "డబ్బాలు లైన్ల పెట్టుండ్రి," అని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేది. మళ్లీ వరుస సరిగ్గా కుదిరితేనే మోటారు తిరిగేది.

మిర్చి పట్టేది వారానికి ఒక్క రోజే. మిర్చి పట్టాక రాళ్లలో ఘాటు ఉండిపోతుంది, ఆ తర్వాత ఏ గింజ పోసినా అది ఆ పిండికి ఎక్కుతుంది. అందుకని మిర్చి అయిపోగానే మొదట మా ఇంటి జొన్నలు పోసేది. ఆ ఘాటంతా మా పిండికి ఎక్కేది. ఆ పూట మా ఇంట్లో రొట్టె కొరికితే కళ్లలో నీళ్లు తిరిగేవి. మిర్చి రోజు వచ్చిందంటే నాకు ఏడుపు వచ్చేది. అయినా ఊళ్లో ఒక్కరి రొట్టె ఘాటెక్కలేదు.

అదే మేం చేసిన పొరపాటని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. గ్రూపులో ఎవరిని తలచుకుంటున్నారో చూడండి. పెళ్లి అంగీకి ఒక చెయ్యి పొట్టిగా కుట్టిన టైలరును తలచుకుంటారు. గోలీ సోడా పేలి మొహాన గాజుపెంకు గుచ్చుకున్న బండిని తలచుకుంటారు. సినిమా మధ్యలో ఒక రీలు బదులు ఇంకో రీలు వేసిన టాకీసును తలచుకుని పొట్ట పట్టుకుని నవ్వుకుంటారు. చెడగొట్టినవాళ్లంతా అమరులైపోయారు. ఒక్కసారి మిర్చి ఘాటు పిండి అంటగట్టి ఉంటే మమ్మల్ని కూడా రోజుకోసారి తలచుకునేవాళ్లు. చక్కగా చేసిన పనికి గుర్తింపు ఉండదని తెలుసు గానీ, ఇంత అన్యాయంగా ఉండదని మాత్రం తెలియదు.

"మనమే రాద్దాం అవ్వా," అంటే ఒప్పుకోదు.

"మన ముచ్చట మనమే ఎత్తుకుంటే ఇజ్జత్ ఏముంటది బిడ్డా? ఎవలన్న ఎత్తాలె. నువ్వు రాస్తివో, నా మీద ఒట్టే."

నన్ను రాయనివ్వదు, ఎవరూ రాయలేదని నా మీదే అలుగుతుంది. ఆ గ్రూపుకు, ఈ అవ్వకు మధ్య నా ప్రాణం విసిగిపోయింది.

ఇంకో విచిత్రం చెప్పాలి. టైలరు ఎక్కడుండేవాడు అంటే గిన్నీ మూలకు ఎదురుగా. సోడా బండి ఎక్కడ అంటే గిన్నీ మూల దాటగానే. మా గిర్ని పోయి ఇప్పుడక్కడ ఫోన్ కవర్లు అమ్మే షాపు వచ్చింది. మూలకు మాత్రం మా పేరు అంటుకునే ఉంది. అది కూడా సరిగ్గా ఉండనిచ్చారా అంటే లేదు. షేర్ ఆటోల వాళ్లు గిర్ని గిర్ని అని అరిచి అరిచి దాన్ని గిన్నీ చేశారు. అదే విని వినాయక చవితికి యూత్ పిల్లలు ఫ్లెక్సీ మీద 'గిన్నీ మూల యూత్' అని ఇంత లావు అక్షరాలతో వేయించారు. ఫ్లెక్సీ మీదికి ఎక్కాక ఇక అదే శాసనం.

ఒక ఆదివారం నాడు గ్రూపులోకి వర్ని దగ్గరి ఆయనెవరో వచ్చాడు. కాలువ నీళ్ల కోసం కోస్తా నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ రైతు కుటుంబం వాళ్లది. ఆయన రాశాడు. "ఆ మూల మీద పిండి మర ఉండేదండి. మేం అంగడికి వచ్చినప్పుడల్లా బస్సులో డబ్బా తెచ్చుకుని ఆడించుకునేవాళ్లం. అంత మెత్తగా మా వైపు ఎవరూ ఆడేవాళ్లు కారు."

"అవ్వా, ఎత్తిండ్రు," అని అరిచాను. అవ్వ చేతికి ఉన్న పిండి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె కూర్చునేలోపే జవాబులు వచ్చి పడ్డాయి.

"మర గిర ఏం లేదన్న గాడ. అది గిన్నీ మూల."

"అన్న వేరే ఊరు అనుకుంటున్నట్టుండు."

"మర అంటే ఏంది?"

వాళ్లది మర, మాది గిర్ని. వాళ్లు ఆడిస్తారు, మేం పట్టిస్తాం. ఒకే రాయి కింద నలిగిన పిండికి రెండు పేర్లు. అది తెలియని పిల్లలు తలా ఒక రాయి వేస్తుంటే, తెలిసిన పెద్దమనుషులు పూల బొమ్మల మీద శుభోదయాలు పంపుకుంటూ కూర్చున్నారు. అప్పుడు గ్రూపు పెట్టిన సారు రంగంలోకి దిగాడు. ఈ సారు బదిలీ మీద మా ఊరికి వచ్చి, రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఆయన వచ్చేనాటికి మా గిర్ని మూతబడి చాలా కాలమైంది. అయినా పాత బాన్సువాడ గురించి ఆయన మాటే వేదం, చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా.

"ఆ స్థలంలో ఏ మరా లేదు," అని రాశాడు సారు. "పూర్వం గిన్నీ పహిల్వాన్ అనే మల్లయోధుడు అక్కడ తాలీం నడిపేవాడు. కుస్తీలు నేర్పేవాడు. ఆయన పేరు మీదే ఆ మూల వెలిసింది."

దాని కింద బొటనవేళ్లు, చప్పట్లు, దండాలు. ఇంతలో ఒకడు, "నిజమే సార్. మా తాత చెప్తుండె. ఒక్క చేత్తోని జొన్నల బస్తా లేపేటోడట," అని సాక్ష్యం కూడా పలికాడు. నేను పైకి చదవడం ఆపి అవ్వ భుజం వైపు చూశాను. నాకు నవ్వాలో ఫోను గోడకేసి కొట్టాలో అర్థం కాలేదు.

అవ్వ మాత్రం పహిల్వానును పక్కకు నెట్టేసింది. "ఇంకేమన్న వచ్చిందా?" అంది.

వచ్చింది. వర్ని ఆయన రాశాడు. "సారీ అండి. నేనే పొరపడి ఉంటాను."

అది చదవగానే అవ్వ మొహం మారిపోయింది.

"గాయన ఏం తప్పు చెప్పిండని మాఫీ అడుగుతుండు? డబ్బా మోసుకొని అంత దూరం నుంచి బస్సుల వచ్చి పట్టిచ్చుకున్నోడు అబద్ధాలోడు, చూడనోళ్లేమో సాక్షులా? ఫోన్ ఇటు తే."

"ఒట్టు పెట్టినవ్ గదా అవ్వా."

"ఒట్టు నీకు పెట్టిన. నాకు నేను పెట్టుకోలే."

మాట రికార్డయ్యే చోట నొక్కి పట్టుకుని ఫోను ఆమె నోటి దగ్గర పెట్టాను. అవ్వ మోటారు మోత మీంచి మాట్లాడినంత గట్టిగా మాట్లాడింది.

"నమస్తే సారు. గిన్నీ పైల్వాన్ను నేనే. ఇంకా బతికే ఉన్న. నేను తాలీం నడపలే, గిర్ని నడిపిన. వర్నాయన చెప్పింది నిజం. ఆళ్లు మర అంటరు, మనం గిర్ని అంటం. గాయనతోని మాఫీ ఎందుకు అడిగిస్తుండ్రు? నా గిర్నికి వచ్చినోళ్లను ఎవలు చిన్నగ చేసినా నేను ఊకోను."

అక్కడితో ఆగింది. నేను వేలు తీయలేదు, ఇంకేమైనా అంటుందేమోనని. చివరికి అలవాటు కొద్దీ అడిగేసింది.

"మెత్తగనా, బరకగనా?"

వేలు తీశాను. మాట వెళ్లిపోయింది. సారు ఏదో టైపు చేస్తున్నట్టు చాలాసేపు కనిపించింది గానీ, ఏమీ రాలేదు. అవ్వ నా వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ కూర్చుంది. అనవసరంగా అన్నానేమోనన్న భయం ఆమె మొహంలో స్పష్టంగా కనిపించింది. ఇప్పుడు కూడా ఎవరూ పలకకపోతే ఈమెను ఏం చెప్పి ఊరుకోబెట్టాలో నాకు తెలియలేదు.

ముందు వర్ని ఆయన పలికాడు. "మెత్తగా అండి, గిర్నక్క గారూ."

ఆ వెంటనే బిచ్కుంద నుంచి ఒకామె. "గిర్నక్కా, మంచిగున్నవా? మాయి బరకగనే, గటకకు." ఇంతకాలం పూలబొమ్మలు తప్ప ఏమీ పంపని ఒక పెద్దమనిషి, "నాయి మెత్తగ అక్కా, మిర్చి పట్టినంక మాత్రం వద్దు," అన్నాడు. ఇంకొకరు, ఇంకొకరు. ఫోను నా చేతిలో ఆగకుండా గుర్రుమంటూనే ఉంది. ఒకరిది చదివేలోపు నాలుగు మీద పడుతున్నాయి. నేను తడబడి ఒకరి మాట ఇంకొకరిదిగా చదివేస్తున్నాను.

అవ్వకు విసుగొచ్చింది. ఆ విసుగును చూసి ఎన్నేళ్లయిందో. నడుం మీద చేతులు పెట్టుకుని లేచి నిలబడింది.

"అందరు ఒక్కసారే మీద పడితె ఎట్ల?" అంది. "డబ్బాలు లైన్ల పెట్టుమను."