పిన్ని కప్పిన చీర

పదవీ విరమణ సభలో నన్ను పర్యావరణ ఆరోగ్య పరిశోధనకు పెద్ద దిక్కన్నారు. దండలు వేశారు. నాకేమీ అనిపించలేదు. కొన్నేళ్లుగా ఇంతే. ఎప్పటినుంచి అన్నది కూడా చెప్పగలను.

బిలాస్‌పూర్‌లో దుమ్ము కొలవడానికి వచ్చినప్పుడు, గాలిని పీల్చి వడకట్టే యంత్రాలను కొన్ని వీధుల్లో పెట్టించాను. తార్‌బహార్ వీధిలోది మా పిన్ని డాబా మీద. రైల్వేలో పనిచేసి చిన్నాన్న కట్టిన ఇల్లది. దుమ్ము ఎక్కువని తేలిన వీధిలో అందరికీ ఊపిరితిత్తుల పరీక్షలు, మందులు ప్రభుత్వమే ఇస్తుంది. పిన్ని అప్పటికే దగ్గుతోంది.

యంత్రాన్ని ముట్టుకున్నారా, జరిపారా అని మిగతా ఇళ్లవాళ్లను గుచ్చి గుచ్చి అడిగాను. పిన్నిని అడగలేదు. మనింట్లో అనుమానమేమిటి? ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మూతి కాలదా అంటారు గానీ, అవన్నీ ఎదుటివాళ్లకు చెప్పడానికే. వడపోత కాగితం దుమ్ము పట్టకుండా తెల్లగా వచ్చింది. కాసేపు ఆశ్చర్యపోయి నివేదిక మీద సంతకం పెట్టాను. ఆ వీధిని జాబితాలోంచి తీసేశారు.

తర్వాత ఒకరోజు భోజనానికి వెళితే, పిన్ని వడ్డిస్తూ గొప్పగా చెప్పింది.

"నీ మిసను కొత్తదాన్లాగే అప్పగించీసినాను, సూసినావా? రోజూ నా పాత చీర కప్పీసేదాన్ని. దుమ్ము పడి పాడైపోతే నీకు మాటొచ్చీదు కాదేటి?"

మా ఇళ్లలో టీవీకి, కుట్టుమిషనుకి, చివరికి మిక్సీకి కూడా గుడ్డ కప్పుతారు. ఆ గుడ్డల మధ్యే పెరిగినదాన్ని, నాకు తట్టలేదు.

"మంచి పని చేశావు పిన్నీ" అని పప్పు కలుపుకున్నాను.

ఆ కొలత చెల్లదని ఒక్క ఉత్తరం రాస్తే మళ్లీ కొలిచేవారు. కానీ యంత్రాన్ని సొంతవాళ్లింట్లో పెట్టించి, అడగాల్సింది అడగలేదని బయటపడేది. పై పదవికి నా పేరు వెళ్లిన రోజులవి. రేపు రాద్దామనుకున్నాను. పదవి వచ్చింది, ఉత్తరం రాయలేదు. మొదట్లో సిగ్గేసేది. తర్వాత అదీ పోయింది.

మొన్న వెళ్లేసరికి పిన్ని రెండు మెట్లెక్కి కూర్చుండిపోయింది. ఆసుపత్రికి పదమని పక్కింటావిడ బతిమాలుతోంది.

"మా పిల్ల మిసనెట్టి కొలిసింది. మన గాలికేటీ నేదు. ఇది వయసు దగ్గే" అంది పిన్ని. నావైపు తిరిగి, "అచ్ఛా, నువ్వే సెప్పమ్మా" అంది.

వయసు దగ్గే అన్నాను.