ఐదు ముడుల దారం

నా వృత్తి స్కెచ్‌లు వేయడం. ఈ మాట పెళ్లిళ్లలో చెబితే పక్కనున్నవాళ్లు కాస్త జరిగి కూర్చుంటారు. నిజానికి నావి ఎవరికీ హాని చేయని స్కెచ్‌లు. నెల్లూరులో ఒక ఇనుప షాపు వెనక గదిలో కూర్చుని, కోయాల్సిన రేకులకీ పలకలకీ కంప్యూటర్‌లో బొమ్మ గీస్తాను. నేను గీసినట్టే లేజర్ మిషన్ కోస్తుంది. తప్పు గీస్తే తప్పే కోస్తుంది. దానికి నాకున్నపాటి మొహమాటం కూడా లేదు.

చేపలు గుడ్లు పెట్టే కాలమని సముద్రంలో ఆపించిన వేట మళ్లీ మొదలవడానికి నాలుగు రోజులుందనగా, చిట్టమూరు అవతల సముద్రపు ఒడ్డు నుంచి ఒక అన్న వచ్చాడు. పడవ వెనక ఇంజను కింద ఉండే ఇనుప పలక తుప్పు పట్టి, విరిగి, నీళ్లలో పడిపోయిందట. ఆ పలక కూర్చునే గుంట మాత్రం ఫైబర్ పడవలో అలాగే ఉంది. కొత్త పలక అందులో సరిగ్గా కూర్చోకపోతే ఇంజను అదురుకి బోల్టులు ఊడిపోతాయి. నిషేధం ఎత్తేసిన పొద్దున ఊరి పడవలన్నీ వేటకు పోతాయి. ఆయన పడవొక్కటే ఒడ్డున ఉండిపోకూడదు.

కొలతలు అడిగితే జేబులోంచి వల అల్లే నైలాన్ దారం తీసి ఇచ్చాడు. దానికి ఐదు ముడులున్నాయి.

“ఈ కొస నుంచి మొదలుపెట్టు. పై అంచు, కుడి అంచు, కింది అంచు, ఎడమ అంచు. ఆఖరిది ఎడమ పైమూల నుంచి కుడి కింది మూలకి. బోల్టు బొక్కలు మేమే ఏసుకుంటాంలే. అర్థమైందా అమ్మా?”

అయిందన్నాను. ఆ రోజు నేనాడిన మొదటి అబద్ధం అదే.

దారాన్ని స్కేలు మీద పరిచి కొలతలు రాసుకుని, నాలుగు మూలల డబ్బా గీసే బటన్ నొక్కాను. పై అంచు కొలత ఇచ్చాను, ఒప్పుకుంది. కుడి అంచు ఇచ్చాను, ఒప్పుకుంది. కింది అంచు ఇవ్వగానే బొమ్మంతా ఎర్రబడింది. కట్టుబాట్లు ఎక్కువయ్యాయట, ఒకదానితో ఒకటి పొసగడం లేదట. ఏది దేనితో పొసగడం లేదో మాత్రం చెప్పదు! ఇంట్లో అలిగినవాళ్లయినా రెండో పూటకి కారణం చెబుతారు. కింది అంచు తీసేసి ఎడమ అంచు ఇచ్చాను; ఎరుపు. దాన్నీ తీసేసి ఐదో కొలత ఇచ్చాను, మళ్లీ ఎరుపు. ఫైలు మూసి తెరిచాను. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. ఆపినప్పుడల్లా ఒక టీ తాగాను. మధ్యాహ్నానికి అది ఎర్రగా, నేను ఇంకా ఎర్రగా ఉన్నాం.

ఓనరు నా వెనక నిలబడి చూశాడు. “దారం సాగుంటది. కిందా పైనా ఒకటే కొలత ఏసి పంపించెయ్. సముద్రంలో ఎవురు చూడొచ్చినారు?”

నాకు ఒళ్లు మండింది. కానీ నిజం చెప్పాలి: ఆ మండిన ఒంటితోనే పడవ అన్నకు ఫోన్ చేసి, ఓనరు మాటే అప్పజెప్పాను.

“అన్నా, మీ దారం సాగినట్టుంది.”

“సాగిందా? వల కన్నులు కొలిచే దారమమ్మా అది. అది సాగితే మా సంసారం సాగదు.” అవతల ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. “ముందు నువ్వేం గీస్తా ఉండావో చెప్పు.”

“నాలుగు మూలలూ మట్టంగా ఉన్న పలక.”

“మట్టంగా ఉండాయని నీకెవురు చెప్పినారు? నేను చెప్పినానా? పడవ చేసినోడు ఆడ కొంచెం వాలుగా పోసినాడు. అందుకే గదా మూల నుంచి మూలకి కొలిచింది! మట్టంగా ఉంటే ఐదు ముడులెందుకమ్మా, రెండు చాలు గదా!”

ఫోన్ పెట్టేసి బొమ్మను దగ్గరగా చూశాను. మూలల్లో చీమ తలకాయంత గుర్తులు: ఇది లంబకోణం, ఇదీ లంబకోణం. నేను పెట్టినవి కావు. డబ్బా బటన్ నొక్కగానే సాఫ్ట్‌వేర్ తనంతట తానే పెట్టేసుకుంది. అడగని నియమాలు తను చేర్చి, మనిషి కొలిచి ఇచ్చినదాన్ని తప్పు పడుతుందా! పడవ ఆయనది, గుంట ఆయనది, దారం ఆయనది. తీర్పు మాత్రం దీనిదట. ఆ తీర్పును ఫోన్ చేసి మరీ చేరవేసిన బంట్రోతును నేను.

గుర్తులన్నీ చెరిపేశాను. ఒక మూలను కదలకుండా బిగించి, పై అంచును అడ్డంగా ఉంచి, ఐదు కొలతలూ ఇచ్చాను. ఐదోది పడగానే గీతలన్నీ నల్లబడి స్థిరపడ్డాయి. పలక కాస్త వంకరగా, నేను చేసే చపాతీలా ఉంది.

ఓనరు బొమ్మ కింద ఎప్పటిలాగే ఒక వాక్యం రాయమన్నాడు: “కొలతలు పార్టీ ఇచ్చినవి. తేడా వస్తే మాకు సంబంధం లేదు.”

“రాయను,” అన్నాను. “రాస్తే, పొద్దున్నుంచీ తేడా చేసింది మనమేనని కూడా రాస్తాను.”

“అయితే తేడా వస్తే నీదే పూచీ.”

“నాదే.”

బొమ్మను మిషన్‌కి పంపించాను. మర్నాడు పడవ అన్న వచ్చి, ఓనరు ముందే పలక అంచుల వెంట దారం పరిచి చూసుకున్నాడు. ముడికొక మూల సరిపోయింది. దారం చుట్టి జేబులో పెట్టుకుని, పలకతో బస్సెక్కాడు. గుంటలో కూర్చుంటుందో లేదో మాత్రం గుంటకే తెలియాలి.

నిషేధం ఎత్తేసిన పొద్దున ఫోన్ మోగింది. ఇంజను హోరులో సగం మాటలు కొట్టుకుపోయాయి.

“...కూర్చునిందమ్మా! దారం సాగలేదని మీ ఓనరుకి చెప్పు!”

చెప్పాను. ఓనరు వినలేదేమోనని ఇంకోసారి చెప్పాను.