ఒక్క ఫైటూ లేని సినిమా తీసిన మా కరాటే మాస్టారికి

నిన్న పొద్దున్న బండికి పెట్రోల్ కొట్టిస్తుంటే ఫోన్ వచ్చింది.

"మాస్టారు పోనారురా."

ఏ మాస్టారు అని అడిగాను. నాకున్నది ఒక్కరే మాస్టారు. అయినా అడిగాను.

మన బొబ్బిలి సూర్యారావు మాస్టారు. వాకింగ్‌కి వెళ్దామని షూ వేసుకుంటూ పక్కకి ఒరిగిపోయారట. హార్ట్ ఎటాక్. హాస్పిటల్‌కి తీసుకెళ్లే టైమ్ కూడా ఇవ్వలేదు.

ట్యాంక్ నిండి పెట్రోల్ బయటికి కారుతోంది. బంకతను అరుస్తున్నాడు. నేను అలాగే నిలబడ్డాను.

అప్పటి నుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. ఈ పోస్ట్ కూడా అటూ ఇటూ తిరుగుతూనే టైప్ చేస్తున్నాను. తప్పులుంటే వదిలేయండి. ఎనిమిదో క్లాసులో బడి మానేసినవాణ్ని.

బడి మానేసి రోడ్డు మీద కనపడినవాడితో గొడవ పడుతూ తిరిగే రోజుల్లో, నన్ను కాలర్ పట్టుకుని కరాటే క్లాసుకి లాక్కెళ్లింది ఆయనే.

"సేతులు దురదగున్నాయా? రా, ఇక్కడ గోక్కో."

అదే నా అడ్మిషన్.

ఆయన గురించి మన వైపు కొత్తగా చెప్పేదేముంది? మూడు సినిమాల్లో హీరో. చిన్న సినిమాలే. కానీ గాల్లోకి లేచి ఆయన తన్నే ఆ ఒక్క కిక్ కోసం పార్వతీపురం నుంచి కూడా జనం బండ్లేసుకుని వచ్చేవారు.

అలాంటి మనిషి రెండేళ్ల క్రితం నాలుగో సినిమా తనే తీశారు.

అందులో ఒక్క ఫైటూ లేదు.

గల్ఫ్‌లో ఒక లేబర్ క్యాంపు. ఇక్కడి నుంచి వెళ్లిన కూలీల పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి తాళాలేసే ఒక ముఠా. ఆ ముఠాకి కాపలా ఉండేది కరాటే వచ్చిన మన జిల్లా వాడే. మాస్టారిది ఆ కాపలావాడి వేషం. చూస్తే అసహ్యం పుడుతుంది.

ఫంక్షన్ హాల్లో మొదటి షో వేశాం. ఇంటర్వెల్లో వెనక నుంచి ఎవడో అరిచాడు.

"ఏటి మాస్టారూ, కాలు బెణికిందేటి? ఒక్క కిక్కూ నేదు!"

హాలంతా నవ్వింది. మాస్టారు కూడా నవ్వారు.

"కాలు బానే ఉన్నాదిరా. ఆ తెర మీదున్నోడికే దమ్ము నేదు."

ఆ సినిమాలో నేనూ ఉన్నాను. అమ్మ చనిపోయిందని కబురొస్తే, ఇంటికెళ్తాను, పాస్‌పోర్ట్ ఇవ్వండి అని అడిగే కూలీని. కాపలావాడు చెంప మీద కొడతాడు. నేను తల దించుకుని గదిలోకి వెళ్లిపోవాలి. అంతే సీన్.

నా వల్ల కాలేదు.

మాస్టారి చెయ్యి లేవడం, నా ఎడమ చెయ్యి వెళ్లి అడ్డం పడిపోవడం. ఆరేళ్లు ఆయనే నేర్పించిన బ్లాక్ అది.

కట్. మళ్లీ. కట్. మళ్లీ.

"ఒరే బాబూ, సెయ్యి దించరా. నువ్విప్పుడు నా స్టూడెంట్‌వి కాదు, కూలోడివి."

"నాను లేపట్లేదు మాస్టారూ. అదే లేస్తంది."

కెమెరా అతను నవ్వు ఆపుకోలేక కింద కూర్చుండిపోయాడు. చివరికి నా రెండు చేతులకీ రెండు సూట్‌కేసులు తగిలించారు. అప్పుడు ఓకే అయింది.

షాట్ అయ్యాక మాస్టారు గోడ వైపు తిరిగి నిలబడిపోయారు. నేను దగ్గరికి వెళ్తే అప్పుడు చెప్పారు. అది కథ కాదట. ఇరవై రెండేళ్ల వయసులో ఆ కాపలావాడు ఆయనేనట. ఆయన కొట్టింది నౌపడ వైపు నుంచి వచ్చిన దాలయ్య అనే మనిషిని.

"కొట్టి మొకం తిప్పీసుకున్నాను. ఆడు తలొంచుకుని ఎల్లిపోయుంటాడు. ఆ తల నాకిప్పటికీ అవుపిస్తంది. ఆడు ఈ సినిమా సూడాలిరా. సూసి తిడితే తిట్టనీ."

దాలయ్య ఏ ఊళ్లో ఉన్నాడో మాస్టారికి తెలీదు. నేను వెతుకుతానన్నాను. ఎలాగూ కుదురు లేనివాణ్ని. ఖాళీ దొరికితే చాలు, బండేసుకుని అటే పోయేవాణ్ని.

మొన్న గురువారం దొరికాడు.

ఉప్పు మడిలో ఉన్నాడు. తల నెరిసిపోయింది, మోకాళ్ల దాకా ఉప్పు. గట్టు మీద కూర్చోబెట్టి ఫోన్లో ఆ సీన్ పెట్టాను. ఎండకి కనపడక తువ్వాలు తల మీద కప్పుకుని మరీ చూశాడు. రెండుసార్లు.

"ఈ సూట్‌కేసులోడు నానేనా?"

"అవును మావా."

"ఓర్నీ! నాను తలొంచుకున్నానని ఆడికెవులు సెప్పినారు? మాయమ్మ పోతే ఊరుకుంటానేటి? ఆడి బూటు మీద ఊసినాను! ఆడు మొకం తిప్పీసుకున్నాడు, సూడనేదు."

మాస్టారు మిమ్మల్ని కలవాలంటున్నారు అని చెప్పాను.

"రమ్మను. ముందు ఆ సీను మార్సమను. టీ ఆ తరవాత తాగుదుం."

"ఇంకా కోపమేనా మావా?"

"ఉన్నాది. కోపం ఉంటే రాకూడదేటి?"

అక్కడి నుంచే మాస్టారికి ఫోన్ చెయ్యొచ్చు. చెయ్యలేదు. ఈ మాట ఎదురుగా చెప్పాలి, అప్పుడు ఆయన మొహం చూడాలి అనుకున్నాను. ఆదివారం క్లాసు ఉంది కదా, అక్కడ చెబుదాంలే అనుకున్నాను.

ఏ పనికీ ఆగని నేను దీనికి ఆగాను.

ఇవాళ ఆదివారం.

నిన్న శ్మశానం నుంచి వచ్చాక దాలయ్యకి ఫోన్ చేసి చెప్పాను.

"ఆడికి సెప్పమన్నాను కదా బావూ" అన్నాడు.

పెట్టేశాడు.

మాస్టారూ, అందరూ మీ కిక్కులు స్టేటస్ పెడుతున్నారు. పెట్టనివ్వండి. మీరు కష్టపడి నేర్చుకున్న కిక్కులే అవి. నేను మాత్రం ఆ చెంపదెబ్బ సీన్ పెట్టాను.

లేటుగా చెప్తున్నాను, తిట్టుకోకుండా వినండి.

దాలయ్య తల దించుకోలేదట. మీ బూటు మీద ఉమ్మేశాడట. మీరే చూడలేదట.

ఇంకా కోపంగానే ఉన్నాడు. టీకి రమ్మన్నాడు.

ఇంక ఆ తల గురించి ఆలోచించకండి మాస్టారూ. నెమ్మదిగా పడుకోండి.