ఆయింపోకా దాచిన పాటలు

బొల్గతంగ పట్నంలోని భాషా కేంద్రంలో పనికి చేరేనాటికి ఆయింపోకాకు ముప్పై ఏళ్లు. చేరిన ఏడాదే ఆమె అంది: "పిండిమరలు వచ్చేశాయి. ఇంక రాతిమీద సజ్జలు నూరేదెవరు? నూరుతూ పాడే పాటలు ఎవరికి గుర్తుంటాయి?" ఎవరూ పట్టించుకోలేదు. తనే ఒక చిన్న రికార్డరు మెడలో వేసుకుని, సైకిలెక్కి ఊళ్లు తిరగడం మొదలుపెట్టింది.

పాడమంటే ఆడవాళ్లు నవ్వేవాళ్లు. "చేతిలో రాయి లేకుండా పాడితే పిచ్చెక్కిందంటారే!" అంది బోంగోలో అతులేటియా అనే ముసలమ్మ. ఆయింపోకా నడుముకు గుడ్డ బిగించి, ఆమె పక్కనే మోకాళ్లమీద కూర్చుని తానూ నూరింది. అప్పుడు విప్పింది ముసలమ్మ గొంతు. సవతిని దెప్పే పాట, పుట్టింటికి పంపని మగణ్ని ఎద్దేవా చేసే పాట, బిడ్డ పోయిన తల్లి పిండి మీద కన్నీళ్లు రాల్చే పాట. ఇరవై రెండేళ్లలో అలాంటివి ఎనిమిది వందలు పోగయ్యాయి. ముప్పై ఒక్కమంది గొంతులు.

అన్నీ కేంద్రంలోని పాత కంప్యూటర్లో ఉండేవి. రికార్డరు చిన్నది కనుక ప్రతి ఊరికీ ముందు దాన్ని ఖాళీ చెయ్యక తప్పేది కాదు. ఇంకో ప్రతి ఒక విడి డిస్కులో ఉండేది గానీ, అది రెండేళ్ల కిందట చెడిపోయింది. "కొత్త కంప్యూటరు రానీ, అప్పుడు చూద్దాం" అన్నాడు కార్యదర్శి అకాన్‌బాంగ్.

చివరికి కొత్తది వచ్చింది. పాతదాన్ని జువారుంగు బడికి ఇస్తామని అకాన్‌బాంగ్ అప్పటికే మాటిచ్చేశాడు. సరుకంతా ఇందులోంచి అందులోకి మార్చడానికి అజుబిరే వచ్చాడు. ఒకప్పుడు కుట్టుమిషన్లు బాగుచేసినవాడు, నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు.

"తమ్ముడూ, ఒక్క పాట పోయినా నిన్ను రాతిమీద వేసి నూరేస్తాను."

"నన్ను నూరితే పిండి రాదక్కా, దుమ్మే వస్తుంది."

రెండు కంప్యూటర్లకూ మధ్య వైరు కలిపాడు. కొత్తదాంట్లో పాటల ప్రోగ్రాం ఎక్కించాడు. పాటల పేర్లన్నీ, ఆమె విని టైపు చేసిపెట్టుకున్న మాటలతో సహా, వరసగా వచ్చి నిలబడ్డాయి. ఆయింపోకా నమ్మలేదు. మూడు రోజులు కుర్చీలోంచి లేవకుండా ఒక్కొక్క పాటే పెట్టుకుని విన్నది.

"పది వింటే చాలదా అక్కా?"

"నువ్వు కన్న పిల్లల్ని లెక్కపెట్టేటప్పుడు సగంలో ఆపుతావా?"

ఎనిమిది వందలూ పలికాయి. గురువారం నాడు, "ఇంక పాతది తుడిచెయ్యి" అని ఆమే అంది. అతను తుడిచి, వైరు తీసి చుట్టాడు. బడివాళ్ల మూడు చక్రాల బండి వచ్చి దాన్ని పట్టుకుపోయింది.

సోమవారం అతులేటియా కూతురు వచ్చింది. ముసలమ్మ పోయి ఏడాదైంది, ఏడాది దాటాక చేసే ఆఖరి కర్మ దగ్గరపడుతోంది. "అమ్మ గొంతు ఒక్కసారి అందరికీ వినిపిస్తావా?" అని అడిగింది. ఆయింపోకా సంబరంగా పాట తెరిచింది. తెరమీద పాట మాటలొచ్చాయి. చప్పుడు లేదు. ఇంకోటి తెరిచింది. ఇంకోటి.

కబురందుకుని వచ్చిన అజుబిరే చాలాసేపు వెతికి, కుర్చీలోంచి దిగి నేలమీద కూర్చున్నాడు.

"అక్కా, ఇక్కడికి వచ్చినవి పాటలు కావు. పాట ఫలానాచోట ఉందని చెప్పే గుర్తులు. నువ్వు విన్నదంతా వైరు గుండా పాతదాంట్లోంచి వచ్చింది."

"మూడు రోజులు విన్నాను కదరా!"

"విన్నావు. వైరు పీకేసి ఒక్కటి విన్నా తెలిసిపోయేది. నాకు తట్టలేదు."

అతులేటియా కూతురు, "వినిపిస్తానని ఊరంతా చెప్పేశాను" అని మాత్రం అని వెళ్లిపోయింది.

ఇద్దరూ బడికి పరుగెత్తారు. అప్పటికే మాస్టారు ఆ కంప్యూటర్లో కొత్త ప్రోగ్రాములు, పాఠాలు నింపేశాడు. అజుబిరే బతిమాలి దాన్ని తెచ్చుకుని తొమ్మిది రోజులు తవ్వాడు. పదకొండు ముక్కలు దొరికాయి. అన్నింట్లోకీ పెద్దదాంట్లో రాయి మీద రాయి రాపిడి, ఎక్కడో మేక అరుపు, పాడబోతూ ఎవరో ఆడమనిషి ఊపిరి పీల్చుకున్న చప్పుడు. అక్కడితో సరి.

"తుడిచెయ్యమన్నది నేను" అంది ఆయింపోకా.

"చెయ్యి నాది కదక్కా" అన్నాడు అతను. ఆ తర్వాత అతను మళ్లీ కుట్టుమిషన్లకే పోయాడు. కేంద్రం ఉన్న వీధిలోకి రావడం మానుకున్నాడు.

ఆమె మళ్లీ సైకిలు తీసింది. ముప్పై ఒక్కమందిలో నలుగురే మిగిలారు. ఒకామెకు మాట పడిపోయింది. ఇంకొకామె కొడుకు దగ్గరికి కుమాసీ వెళ్లిపోయిందన్నారు. మూడో ఆమె చర్చి పాటలు పాడి వినిపించింది. నాలుగో ఆమె అపూరే, వాకిట్లో ఎండలో కూర్చుని ఉంది. ఆయింపోకా ముఖాన్ని తడిమి గుర్తుపట్టింది.

"అవన్నీ నీకిచ్చేశాను కదే అమ్మాయీ?"

"మళ్లీ ఒక్కటి పాడు పిన్నీ."

"నీ దగ్గర భద్రంగా ఉన్నాయనే ధీమాతో నేను మరిచిపోయాను. ఏమంటూ మొదలయ్యేదో నువ్వే అందుకో, చూద్దాం."

ఆయింపోకా మొదటి పాదం అందుకుంది. రెండో పాదానికి వచ్చేసరికి అది వేరే పాట రాగంలోకి జారింది. అపూరే తల అడ్డంగా ఊపింది. ఆయింపోకా మళ్లీ మొదలుపెట్టింది, పాట మళ్లీ జారింది. మూడోసారి అపూరే ఆమె చెయ్యి పట్టుకుని ఆపేసింది.

మాటలున్నాయి కనుక పుస్తకం వెయ్యొచ్చునన్నాడు అకాన్‌బాంగ్. ఆయింపోకా ఇప్పుడు ఆ పనే చేస్తోంది. రోజుకు రెండు పాటలు అచ్చుకు సిద్ధం చేస్తుంది. చదివినవాళ్లకు అవి పాటలని తెలియడానికి ప్రతి పేజీ పైన "పాట" అని రాస్తుంది.