మామ చెప్పిన మబ్బు

విమానాన్ని మబ్బులోకి పోనివ్వమని మా మేనమామే అన్నాడని రెండేళ్లుగా చెబుతున్నాను. అది అబద్ధం. లింగాలలో, అచ్చంపేటలో, వనపర్తిలోని నా మోటార్ల దుకాణం ముందు ఆ కథ విని నవ్విన వాళ్లందరి కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నలభై అయిదు దాటాక, ఇంట్లో వద్దన్నా వినకుండా, పట్నం పక్కనున్న ఫ్లయింగ్ క్లబ్బులో చిన్న విమానం నడపడం నేర్చుకున్నాను. లైసెన్సు రాగానే లింగాలలో పత్తి పండించే మామకు ఫోను చేశాను. తన నాలుగెకరాలు పైనుంచి ఎట్లా ఉంటాయో చూడాలని ఆయనకు ఎప్పటి నుంచో కోరిక.

"మబ్బుల పోదాం అల్లుడా. పొద్దెక్కితె మొగులైతది. గప్పుడు నా చేను ఏం కనబడతది?" అన్నాడు.

మా దిక్కు మబ్బు అంటే తెల్లవారకముందటి చీకటి. ఆకాశంలో తేలేది మొగులు. చీకటితోనే బయల్దేరదామని మామ మాట. ముందురోజే వనపర్తి వచ్చి, తెల్లవారకముందే తానం చేసి, కొత్త రుమాలు భుజాన వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. నేను లేచేసరికి ఎండ గోడెక్కింది. దారిలో టిఫిను, క్లబ్బులో ఫొటోలు. విమానం లేచేసరికి పదకొండు.

నాగర్‌కర్నూల్ దాకా హాయిగా పోయాం. "గింతేనా నాగర్‌కర్నూల్? బస్సుల ఎంతసేపు పోయినా ఒడువనే ఒడువదు!" అని మామ నవ్వాడు.

లింగాల దగ్గరికి వచ్చేసరికి నల్లమల వైపు నుంచి మబ్బులు దూదికుప్పల్లా లేచి ఉన్నాయి. క్లబ్బులో మా సారు నేర్పిన దూరాలు నాకు కంఠతా వచ్చు. మబ్బుకు పక్కన కిలోమీటరున్నర, పైన గాని కింద గాని వెయ్యి అడుగులు వదలాలి. అంత దూరం వదిలితే మామ చేను కనబడదు.

"పోనీ తియ్ అల్లుడా, ఇంకోపారి వద్దాం."

"రెండు నిమిషాలే మామా," అని నేనే దగ్గరికి పోనిచ్చాను. కిలోమీటరున్నర ఎంతో నాకు నేల మీద తెలుసు. పైన తెలియలేదు. కిటికీలు ఒక్కసారిగా తెల్లబడ్డాయి. రెక్క కొస కూడా కనబడలేదు. ఎడమకు వాలిపోతున్నామని ఒళ్లు చెబుతోంది, సమంగానే ఉన్నామని ముందున్న మీటర్ల ముళ్లు చెబుతున్నాయి. ఒంటి మాట వినొద్దని నేర్పారు కనుక ముళ్లనే చూస్తూ మెల్లగా వెనక్కు తిప్పాను. మామ తన కొత్త రుమాలుతో నా మెడ మీది చెమట తుడిచాడు.

బయటపడ్డాక ఎటు పోవాలో నాకు తోచలేదు. దూరంగా మెరుస్తున్న నీళ్లను మామ చూపించాడు. "గది కృష్ణ. సోమశిల గటు. అంటె పట్నం మన ఎన్కకున్నది, తిప్పు."

చేను చూడకుండానే క్లబ్బుకు తిరిగొచ్చి దిగాం. సారు గోదావరి జిల్లా మనిషి, ఆయనకు మబ్బంటే మొగులే. నా ముఖం చూసి అడిగి, సంగతి రాబట్టారు.

"మబ్బులోకి ఎందుకెళ్లావయ్యా?"

"మామే మబ్బుల పోదామన్నాడు సార్."

అందులో ఒక్క మాట కూడా నా కల్పన కాదు, అయినా మొత్తం అబద్ధమే. మామ అప్పుడు క్యాంటీన్లో టీ తాగుతున్నాడు. అలాంటి మనిషిని మళ్లీ ఎక్కించొద్దన్నారు సారు. ఆ మాట మామకు చేరవేశాను గాని కారణం చెప్పలేదు. ఊళ్లో మాత్రం కథకు ఇంకా రంగులద్ది చెప్పాను. పిల్లలు ఆయన్ని మొగులు తాత అని పిలవడం మొదలుపెట్టారు. మొగులు దాకా పోయొచ్చినందుకే ఆ పేరని మామ మురిసిపోయాడు.

మొన్న అచ్చంపేటలో ఒక పెళ్లిలో మామ నన్ను పక్కకు పిలిచాడు. "అల్లుడా, మీ సారుకు జర చెప్పు. ఆనాడు మబ్బుల పోదామన్నది నాదే తప్పు. పట్నపోళ్లకు పొద్దుగాల లేసుడు పరేషాననిపిస్తదని నాకు తెల్వదు. ఈపారి బారెడు పొద్దెక్కినంకనే వస్త."

పెందలాడే పోదామన్నందుకే తనను వద్దన్నారని రెండేళ్లుగా అనుకుంటున్నాడు. నేను నవ్వబోయాను, నవ్వలేకపోయాను. అక్కడే అంతా చెప్పేశాను.

మామ నిందకు కోపం తెచ్చుకోలేదు. మాటకే తెచ్చుకున్నాడు. "నేను మొగులును మబ్బంటనారా? ఏ ఊరోన్ని అనుకున్నవ్? రెండేండ్ల సంది పొద్దెక్కినదాంక పండుడు నేర్చుకుంటున్న, నడుం నొయ్యబట్టె!"

మర్నాడే పోయి సారుకు చెప్పాను. ఆయన అప్పటికప్పుడే తీర్పు చెప్పారు. "మూడు నెలలు నువ్వొక్కడివే విమానం ముట్టుకోకు. మళ్లీ నా పక్కన కూర్చుని నేర్చుకో. మీ మామగార్ని నేను తిప్పుతాను."

"ఎప్పుడు బయల్దేరదామండీ?" అని ఫోనులో మామనే అడిగారు.

"మబ్బుల," అన్నాడు మామ. సారు ఉలిక్కిపడి నా వైపు చూశారు. చీకట్లో కుదరదు గనుక సూర్యుడు రాగానే అని ఇద్దరికీ సర్దిచెప్పాను.

ఆ ఉదయం మబ్బు తునక లేదు. వాళ్లు తిరిగొచ్చేదాకా మామ రుమాలు పట్టుకుని నేను కంచె దగ్గర నిలబడ్డాను.

"చేను ఎట్లుంది మామా?"

"మంచిగుంది. గట్టే జర వంకరున్నది. పోయినేడు దున్నేటప్పుడు పక్కోని దిక్కు జరిపిన. కింద కనబడలే గని, పైకెల్లి సక్కగ కనబడుతున్నది." రుమాలు నా చేతిలోంచి తీసుకున్నాడు. "నడు, వానికి పోయి చెప్పాలె. నువ్వు చెప్పినంక నేను చెప్పకుంటె ఎట్ల?"